అత్తమ్మ కట్టిన రేటు

గత ఆదివారం పొద్దున మా అత్తమ్మ ఆసుపత్రిలో కన్నుమూసింది. రెండేళ్లుగా కిడ్నీలు పనిచేయడం లేదు. డయాలసిస్‌కు తీసుకెళ్లడం, సాయంత్రానికి తీసుకురావడం మాకు అలవాటైపోయింది. శనివారం కూడా అలాగే వచ్చేస్తామనుకుని, మర్నాడు దోసెలకని మినప్పప్పు నానబోసి వెళ్లాను.

కార్ఖానా బస్తీలో మా గల్లీ దాటితే ఆమె ఎవరికీ తెలియదనుకునేదాన్ని. కానీ ఆరోజు బేగంపేట నుంచి, ఏ.ఎస్. రావు నగర్ నుంచి, నేనెన్నడూ చూడని మగవాళ్లు వచ్చారు. ముప్పై ఏళ్ల వయసువాళ్లు. చెప్పులు విప్పి లోపలికి రాగానే ఒక్కసారి ముందు గదిని కలియజూసి, ఆ తరువాతే ఆమె దగ్గరికి వెళ్లారు. చిన్నప్పుడు వాళ్లంతా ఆ గదిలో వీడియో గేమ్ ఆడుకున్నవాళ్లు.

మామయ్య చనిపోయేనాటికి మా ఆయన ఇంకా బడి పిల్లాడు. అత్తమ్మ తమ్ముడు దుబాయ్‌లో పనిచేసేవాడు. మేనల్లుడు ఆడుకుంటాడని ఒక వీడియో గేమ్ సెట్టు పంపాడు. దాన్ని ఆమె ముందు గదిలో పెట్టి, గల్లీ పిల్లలకు అరగంటకింత అని ఆడనిచ్చింది. ఒక సెట్టు మూడయింది, మూడు ఐదయ్యాయి. ఆ డబ్బుతోనే కొడుకును ఇంజనీరింగ్ చదివించింది. పిల్లల్ని చెడగొడుతోందని ఇరుగుపొరుగు తిట్టినా ఊరుకునేదట. యూనిఫాంతో వచ్చిన పిల్లాణ్ణి మాత్రం గుమ్మంలోనే ఆపేది. "బడికి పోయొచ్చినంక రా. పెట్టె యాడికి పోదు."

నాది విజయనగరం వైపు. ఉద్యోగానికని ఇక్కడికొచ్చి, ఆఫీసులో పరిచయమైన ఈ ఇంటి అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. మా వైపు అలవాటు కొద్దీ మొదటి రోజు "అత్తయ్యగారూ" అని పిలిస్తే ఆమె నవ్వేసింది. "గారు గీరు ఎందుకు బిడ్డా? అత్తమ్మా అను, సాలు." ఆ తరువాత ఆ పిలుపే నా నోటికీ పట్టుకుంది. మా అమ్మ ఫోనులో వెక్కిరించేది కూడా.

నేను వచ్చేసరికే ఆ గది వ్యాపారం అయిపోయింది. ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి, పిల్లలు అటు వెళ్లిపోయారు. అత్తమ్మ సెట్లన్నీ అమ్మేసి ఒక్క దుబాయ్ సెట్టు ఉంచుకుంది. అయినా మనుషులు రావడం ఆగలేదు. అప్పట్లో ఊరంతా కొత్త కంపెనీలు, కొత్త జీతాలు. చిన్నప్పుడు ఆడిన పాత సెట్లు కొనుక్కోవాలని కొందరికి మోజు. ఇంట్లో మూలపడి ఉన్నది అమ్ముకోవాలని కొందరికి ఆశ. ఎంతకు కొనాలో, ఎంతకు అమ్మాలో తేలక ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చేవారు.

ఆమె సెట్టును టీవీకి తగిలించి, ఆట క్యాసెట్టు పెట్టి, బొమ్మ రాగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. కొనేవాడు తొందరపడితే అక్కణ్ణుంచే కేకేసేది. "జెర ఆగు. చాయ్ తాగినంక చూద్దాం. సల్లగున్నప్పుడు అన్నీ మంచిగనే ఉంటయ్. గరమైనంక తెలుస్తది." అందరి చేతికీ చాయ్ ఇచ్చాక, బొమ్మ వణుకుతోందేమో చూసేది. మీటలన్నీ బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కి చూసేది. కింది మరలు ఎవరైనా విప్పిన గుర్తులున్నాయేమోనని తిప్పి చూసేది. "వైరు మార్చాలె, దానికింత తీసెయ్. రిమోట్ ఒక్కటే ఉంది, దానికింత తీసెయ్. డబ్బా సుత ఉంది గద, దానికి జెర కలుపు." ఆమె చెప్పిన రేటు అమ్మేవాడికి కొంచెం తక్కువగా, కొనేవాడికి కొంచెం ఎక్కువగా ఉండేది. ఇద్దరూ కాస్త మొహం ముడుచుకునే ఒప్పుకునేవారు.

"అది సరైన రేటని మీకెలా తెలుస్తుంది?" అని ఒకసారి అడిగాను.

"కొన్నోడు రేపు బజార్ల ఎదురుపడితే మొకం తిప్పుకోవద్దు. గదే రేటు," అంది.

మా ఆయన ఉద్యోగం పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి మీకు చెప్పాలి. కంపెనీ వాళ్లు చాలామందిని ఒక్కసారే తీసేశారు. ఏ.ఎస్. రావు నగర్ వైపు కడుతున్న ఒక ఫ్లాటుకు మేం అప్పటికే వాయిదాలు కడుతున్నాం. నా ఒక్క జీతంతో అవి గడవడం లేదు. ఆయన రోజంతా లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని దరఖాస్తులు పంపేవాడు. ఎవరొచ్చినా బయటికి వచ్చేవాడు కాదు.

ఆరోజు వచ్చినతను బేగంపేటలో ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. చిన్నప్పుడు పక్క గల్లీలో ఉండేవారట. తమ్ముడితో కలిసి ఈ గదికి వచ్చేవాడట.

"ఆంటీ, ఆ దుబాయ్ సెట్టు ఇంకా ఉందా? కారు రేసు క్యాసెట్టు ఉండేది."

"ఉంది. నీ తమ్ముడు ఏం జేస్తున్నడిప్పుడు?"

"బైకు యాక్సిడెంట్ల పోయిండు ఆంటీ. ఎండాకాలంల."

అత్తమ్మ స్టూలు ఎక్కి, అల్మారా మీద పాత చీరలో చుట్టిన సెట్టును తనే దించింది. రేసు క్యాసెట్టు పెట్టింది. ఆట మొదలయ్యే ముందు, గెలిచినవాళ్ల పేర్ల పట్టీ తెరమీదికి వచ్చింది. రెండో వరసలో ఇంగ్లీషు అక్షరాల్లో చిన్ను అని ఉంది. అతను టీవీకి దగ్గరగా జరిగి, తమ్ముడి పేరు మీద వేలు పెట్టాడు.

తరువాత ఒక కవరు తీసి అత్తమ్మ ముందు పెట్టాడు. "ఇరవై వేలు ఉన్నయ్ ఆంటీ. తక్కువైతే చెప్పండి, రేపు తెస్త."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపలి గదిలో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

అత్తమ్మ కవరు ముట్టుకోలేదు. "నేను జెప్పేది విను బిడ్డా. ఈ క్యాసెట్టు లోపట శిన్న బ్యాటరీ ఉంటది. అది ఉన్నన్ని దినాలే ఈ పేర్లుంటయ్. శానా ఏండ్లాయె. రేపు పోతదో, ఏడాదికి పోతదో నేను జెప్పలేను. పోయిందంటే మల్ల రాదు."

"కొత్తది ఎయ్యరాదా?"

"పాతది తీస్తెనే పేర్లు పోతయ్."

అతను తల ఊపాడు. అయినా కవరు వెనక్కి తీసుకోలేదు. ఆమె ఎప్పటిలాగే వైరు చూసింది, మీటలు నొక్కింది, మరలు చూసింది. "పదిహేను వందలు," అంది. కవరులోంచి అంతే తీసుకుని, మిగతాది అతని చొక్కా జేబులో తనే పెట్టింది. సెట్టును మళ్లీ అదే చీరలో చుట్టి ఇచ్చింది.

అతను గేటు దాటాక నేను ఉండబట్టలేకపోయాను. "అతనే ఇష్టంగా ఇచ్చాడు కదా అత్తమ్మా! మనమేం అడిగి తీసుకోలేదు. ఇంట్లో సంగతి మీకు తెలీదా?"

"ఎరుకనే బిడ్డా."

"మరి?"

"అది నా తమ్ముడు పంపిన పెట్టె. నా కొడుకును సదివించిన పెట్టె. నా యాదికి నేను పైసలు కలుపలే. ఆ పిలగాని యాదికి ఎట్ల కలుపుత?"

కాసేపటికి లోపలి గదిలో కీబోర్డు చప్పుడు మళ్లీ మొదలైంది. రెండు నెలల తరువాత ఫ్లాటు వదులుకున్నాం. ఇరవై వేలతో అది నిలిచేది కాదని నాకు అప్పుడూ తెలుసు. అయినా నా కోపం చాలాకాలం పోలేదు. అది అన్యాయమైన కోపమని ఇప్పటికీ అనలేను.

వానాకాలంలో అతను మళ్లీ వచ్చాడు. తడిసిపోయి ఉన్నాడు. సెట్టు సంచిలో ఉంది. కోపంతో వచ్చాడేమోనని నాకు భయం వేసింది. గుమ్మంలోనే నిలబడి, "పోయింది ఆంటీ," అన్నాడు. ఆ మాట మాత్రమే చెప్పి ఏడ్చాడు.

అత్తమ్మ తువ్వాలు తెచ్చి ఇచ్చింది. సెట్టును టీవీకి తగిలించింది. పేర్ల పట్టీలో ఏ వరసలోనూ ఏమీ లేదు. ఆమె రెండో రిమోట్ చేతిలోకి తీసుకుని అతని పక్కన కింద కూర్చుంది. అన్నేళ్లు అన్ని సెట్లు నడిపిన మనిషి, ఆట ఆడడం మాత్రం నేను అదివరకు చూడలేదు.

"నీ తమ్ముడు ఎట్ల ఆడెటోడు? నాకు నేర్పియ్," అంది.

"వాడు మలుపు కాడ సుత బ్రేకు ఎయ్యకపోయెటోడు ఆంటీ. ప్రతిసారి గోడకు గుద్దెటోడు. అయినా ఎయ్యడు."

ఆమె కారు కూడా గోడకు గుద్దుకుంది. ఇద్దరూ నవ్వారు. సాయంత్రం దాకా ఆడుతూనే ఉన్నారు. అతను తమ్ముడి గురించి చెబుతూనే ఉన్నాడు. ఆమె ప్రతి ఆటా ఓడిపోయింది. లోపలి గదిలోంచి మా ఆయన ఎప్పుడు వచ్చాడో తెలియదు, గోడకానుకుని వాళ్ల వెనక కూర్చున్నాడు. చాలా నెలల తరువాత ఆయన ముందు గదిలోకి రావడం అదే.

మా ఆయనకు తరువాత తక్కువ జీతానికి ఒక ఉద్యోగం దొరికింది. అత్తమ్మకు మాత్రం అప్పటినుంచే కాళ్లు వాయడం మొదలైంది. డయాలసిస్ పడకమీద కూడా పక్క మంచం వాళ్ల సెల్‌ఫోన్లు తీసుకుని, తిప్పి చూసి, "గిది ఎంతకు కొన్నవ్?" అని అడిగేది. ఎక్కువ పెట్టారనిపిస్తే పైకి చెప్పేది కాదు. "మంచిగుంది, జాగ్రత్తగ వాడుకో," అనేది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆ అబ్బాయి ఆసుపత్రికి వస్తూ పోతూ ఉండేవాడు. ఆదివారం పాడెకు ఒక భుజం అతనే పట్టాడు.

నిన్న సాయంత్రం ఒక పెద్దాయన స్కూటరు మీద వచ్చారు. తువ్వాలులో చుట్టిన పాత సెట్టు తెచ్చారు. దీనికి ఎంత రావచ్చో అమ్మ చెబుతుందని ఎవరో పంపారట. అత్తమ్మ ఇక లేరని చెప్పాను. ఆయన గేటు పట్టుకుని నిలబడ్డారు. నేను మంచినీళ్లు ఇస్తే తాగి, గ్లాసు అరుగుమీద పెట్టి, సెట్టును స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకున్నారు. మా గల్లీ పొడవునా స్పీడ్ బ్రేకర్లే. ఒక్కొక్కటి రాగానే స్కూటరును దాదాపు ఆపేసి, ఒక కాలు నేలకు ఆనించి, ఆ మూట కుదపకుండా నెమ్మదిగా దాటించుకుంటూ, ఆయన మెయిన్ రోడ్డు దాకా వెళ్లారు.