ఎడమవైపు మూడో సీటు

రైల్వే స్టేషన్‌లో ఎంక్వయిరీ కౌంటర్ వెనక కూర్చునే ఆవిణ్ని అందరూ ఎంక్వయిరీ అక్కయ్య అనే పిలుస్తారు. పంతొమ్మిదేళ్లుగా ఊరికి కొత్తగా వచ్చేవాళ్లకు ఆవిడే దిక్కు. సామాను లాకర్లో పెట్టుకోండి, గేటు ముందు ఆటో ఎక్కకండి, నిలువుదోపిడీ చేస్తారు, ఎండవేళ బీచ్ ఇసుకలోకి దిగకండి, రాళ్లవైపు అసలు పోకండి అని గడగడా అప్పజెప్పేది. ఆఖరి మాటకు మాత్రం గొంతు మెత్తబడేది.

"పన్నెండో నంబరు బస్సెక్కి ఎడమవైపు కూర్చోండి. రెండో మలుపు తిరగ్గానే సముద్రం కనిపిస్తుంది."

ఆ మాట నేర్పింది ఆమె భర్త. ఆ బస్సులో కండక్టరు. పెళ్లయిన కొత్తలో ప్రతి ఆదివారం ఎడమవైపు మూడో సీటు మీద తువ్వాలు పరిచి ఆమెకోసం ఆపేవాడు. ఎంత రద్దీ ఉన్నా మలుపు దగ్గర ఆమె వైపు తిరిగి, సముద్రాన్ని తనే తెచ్చి అక్కడ పోసినట్టు, "అదిగో చూడు!" అనేవాడు.

గుండెపోటుతో ఆయన పోయి ఆరేళ్లు. ఆమె మళ్లీ ఆ బస్సెక్కలేదు. వెళ్లాలని ప్రాణం కొట్టుకునేది. ఆ సీట్లో ఇంకెవరో కూర్చుని ఉంటే చూడలేనని భయం.

ఒకరోజు ఓ పెద్దాయన కౌంటర్ దగ్గరికి విసురుగా వచ్చాడు.

"ఏమ్మా, మా ఆవిడకి కళ్ల ఆపరేషన్ అయ్యాక మొదటిసారి సముద్రం చూపిద్దామని తీసుకొచ్చా. నువ్వు చెప్పావని ఎడమవైపు కూర్చోబెట్టా. దారంతా గోడౌన్ గోడలే! సముద్రం కుడివైపుంది."

"అదెలా బాబాయ్ గారూ? సముద్రం గానీ పక్కకి జరిగిందా?"

"జరిగింది రోడ్డమ్మా! పాత రోడ్డు మూసేసి మూడేళ్లయిందట. బస్సు చుట్టూ తిరిగి అటునుంచి వస్తోంది."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. వచ్చినవాళ్లు చూసి రైలెక్కి పోతారు గానీ, వెనక్కొచ్చి తప్పని చెప్పేదెవరు? మూడేళ్లుగా ఎంతమందిని గోడల పాలు చేసిందో! పెద్దాయనకు దణ్ణం పెట్టి, తప్పయిపోయిందంది.

డ్యూటీ దిగి తిన్నగా పన్నెండో నంబరు ఎక్కింది. కుడివైపంతా కిక్కిరిసి ఉంది. ఎడమవైపు మూడో సీటు ఖాళీ.

"ఇటు రండమ్మా, సముద్రం ఇటే కనిపిస్తుంది," అంది కండక్టరమ్మాయి.

"తెలుసులే తల్లీ," అని ఆమె అక్కడే కూర్చుంది.

మలుపు తిరగ్గానే కుడివైపు వాళ్లంతా ఒక్కసారిగా, "అదిగో!" అన్నారు. ఆమె చప్పున తిరిగి చూసింది, కండక్టరు నిలబడే చోటు వైపు. కళ్లు నిండిపోయాయి. ఆ పూట సముద్రం ఆమెకు సరిగ్గా కనిపించనే లేదు.

మర్నాటి నుంచి అందరికీ కుడివైపు అనే చెబుతోంది. ఆదివారాలు తను మాత్రం ఎడమవైపే కూర్చుంటుంది. ఆ సీటు మీద ఇప్పుడు తువ్వాలు పరచక్కర్లేదు. ఇంకెవరూ కూర్చోరు.