సీరియల్లో పాప మాట్లాడిన వారం

కువైట్ ఎడారిలో, కబ్ద్‌లో ఒంటెలకు ఏసీ బిగించింది నేనే. ఖైతాన్‌లో మా బిల్డింగులో ఎవరినడిగినా చెబుతారు. మొదటి రోజు ఆ ఒంటెలు హాయిగా నెమరేశాయని, రెండో రోజు జలుబు చేసి ముక్కులు చీదాయని, మూడో రోజు వాటిలో పెద్దది రిమోట్ నోట కరుచుకొచ్చి నా కాళ్ల ముందు పడేసిందని. నిజానికి నేను వెళ్లింది అక్కడి తోటలో కాపలావాడి గదికి. తలుపు బార్లా తీసి పని చేస్తుంటే ఒక ఒంటె చల్లగాలికి తల లోపలికి పెట్టింది. అంతవరకే దేవుడిచ్చింది. మిగతాదంతా నేను కష్టపడి సంపాదించుకున్నది.

కోతలు కొయ్యడం చిన్న పనేమీ కాదు. దానికీ ఓ నీతుంది. వినేవాడికి అది కోత అని తెలియాలి, తెలిసే వినాలి, నవ్వి లేచిపోవాలి. ఇంటికెళ్లాక వాడి బతుకులో ఒక చెంచా కూడా చోటు మారకూడదు. రిమోట్ తెచ్చిన ఒంటె కథ విని ఇప్పటిదాకా ఎవడూ ఒంటెను కొనలేదు. ఆ మాత్రం నీతి కూడా లేని కోత ఒకటి మా ఇంట్లోకి రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చేది. ఇండియాలో ఏడున్నర అంటే మాకు ఐదు.

మా ఫ్లాట్‌లో రెండు కుటుంబాలు ఉంటాం. ఒక గది మాది, ఇంకో గది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అక్కా బావలది. వంటగది, హాలు, హాల్లో టీవీ ఉమ్మడి. మాది కోనసీమ. అక్క నాకు చుట్టం కాదు, కానీ ఒకే పొయ్యి మీద ఇన్నేళ్లు వండుకున్నాక చుట్టరికం దానంతటదే వస్తుంది. పొద్దున ఒక కువైటీ ఇంట్లో వంట చేసి మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. నన్ను పిట్టలదొర అంటుంది. వాళ్ల వైపు చెక్క తుపాకీ భుజాన వేసుకుని ఊరూరా గొప్పలు చెప్పుకు తిరిగేవాణ్ణి అలా అంటారట. నాకు తుపాకీ బదులు స్పానరు.

మా పాపకు పదకొండేళ్లు. ఆటిజం. మాటలు రావు. వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే ముందు కూర్చుని చూస్తుంది, మిక్సీ వేస్తే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకుంటుంది. చిన్నప్పుడు దాహమేస్తే ఏడ్చేది. ఆకలేసినా అదే ఏడుపు, లైటు కళ్లలో పడినా అదే ఏడుపు. మేం పాలు, అరటిపండు, దుప్పటి, ఒక్కొక్కటీ తెచ్చి చూపిస్తూ వెతుక్కునేవాళ్లం. పాప వెళ్లే సెంటర్లో ఒక మలయాళీ టీచరు ఉంది. దాహమేసినప్పుడు గ్లాసు తెచ్చి మన చేతిలో పెట్టడం ఆవిడ నేర్పింది. నేర్పడానికి ఏళ్లు పట్టింది. మొదటిసారి ఎవరూ చెప్పకుండా పాప స్టీలు గ్లాసు తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టినప్పుడు, మా ఆవిడ అందులో పోయబోయి నీళ్లు సగం నేలపాలు చేసింది. అప్పట్నుంచి ఆ గ్లాసే మా పాప మాట. ఇంట్లో అందరికీ ఆ భాష వచ్చు. బావకు కూడా.

ఇక సీరియల్ సంగతి. అందులో ఒక పాప ఉండేది, ఇంచుమించు మా పాప ఈడుదే. మొదటి రోజు మా ఆవిడ వంటగదిలోంచి గరిటెతోనే బయటికొచ్చి నిలబడిపోయింది.

"ఏవండీ, ఓసారి ఇటు రండి. ఇది మనిల్లేనండీ!"

అందులో పాప పెళ్లి బాజాకు చెవులు మూసుకుంది. మూత తీసుకుని నేల మీద బొంగరంలా తిప్పింది. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టలేదు. బస్సులో జనం తల్లి వంక చూసిన చూపుంది చూశారూ, దాన్ని మాత్రం ఎవరో మా వెనకాల నడిచి చూసి తీశారు. ఫర్వానియాలో సూపర్‌మార్కెట్లో పాప నేల మీద పడి దొర్లినప్పుడు మేం తిన్న చూపు అది. మా ఆవిడ టీవీకి ఒక జానెడు దగ్గరికి జరిగి కూర్చుంది.

అక్క కూడా మారింది. "అగో, గా పోరి సుత మన పాప లెక్కనే చెవులు మూస్కుంటది సూడు" అని ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లూ మా ఆవిడ బతిమాలి చెప్పినా మిక్సీ టక్కున వేసేసే మనిషి, ఆ వారం నుంచి ముందు పాపను మా గదిలోకి పంపి తలుపేసి, అప్పుడు పచ్చడి రుబ్బడం మొదలుపెట్టింది. ఆ మేలు సీరియల్ వల్లే జరిగింది. కాదంటే నాలుక తెగుతుంది.

నేను మాత్రం నా వృత్తి ధర్మం కొద్దీ లోపాలు వెతికేవాణ్ణి.

"ఆ తల్లి జడ ఎప్పుడూ చెదరదేమిటి? మన పాపను పట్టుకుంటే నా మీసం సగం ఊడొచ్చింది."

"మీ మీసం ముందునుంచీ సగమేలెండి" అనేది మా ఆవిడ.

"తండ్రి ఏడీ?"

"అగో, తాగి పడ్డడు గదా" అనేది అక్క.

"సీరియల్లో ఇలాంటి పిల్లల తండ్రికి రెండే పనులక్కా. తాగాలి, లేదా పారిపోవాలి. నేను రెండూ చెయ్యలేదు, నాకు వేషం దొరకదు."

"నువ్వు మాట్లాడకుంటుండే వేషమేస్తే మేమే చందాలేసుకుని ఇప్పిస్తం, పిట్టలదొరా. ఊకో."

అలా నవ్వుకుంటూనే నమ్మాం. నమ్మకం అలాగే కుదురుతుంది మరి. రోజూ నిజం పోసి పోసి, పాత్ర నిండాక అందులో ఒక్క చుక్క విషం వేస్తే ఎవరు చూడొచ్చారు? మొదటిరోజే సీరియల్లో గాల్లో తేలే మహిమలు చూపించి ఉంటే మా ఆవిడ గరిటె పుచ్చుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

ఒక వారమంతా ప్రకటన వేశారు. తల్లి ముఖం, పాప ముఖం, మధ్యలో గ్లాసు, ఢమఢమ డోలు. పాప అమ్మా అంటుందా? సోమవారం నుంచి అడుగుతూనే ఉన్నారు. ఆ రోజు రానే వచ్చింది. సీరియల్లో తల్లి పాప ముందు నీళ్ల గ్లాసు పెట్టుకుని కూర్చుంది. నువ్వు అమ్మా అని అడిగేదాకా చుక్క ఇవ్వను అంది. పాప చెయ్యి పట్టి లాగింది, తల్లి విదిలించుకుంది. పాప ఏడ్చింది, తల్లీ ఏడ్చింది. పొద్దు వాలింది, దీపం రెపరెపలాడింది, తల్లి సొమ్మసిల్లి పడింది. అప్పుడు పాప పెదాలు విడివడి "అమ్మా... నీళ్లు" అంది. గంటలు మోగాయి. ఎక్కడి గంటలో ఎవరికీ తెలీదు, ఆ ఇంటి చుట్టుపక్కల గుడే లేదు.

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. నాకూ కళ్లు తడిశాయి. పొద్దున పీల్చిన ఏసీ గ్యాసు అని చెప్పాను. మా ఆవిడ ఏడవలేదు. పాప వంక చూస్తూ కూర్చుంది. పాప టీవీకి వీపు పెట్టి వాషింగ్ మెషీన్ చూసుకుంటోంది.

పది నిమిషాల్లో మా అత్తగారు కోనసీమ నుంచి వీడియో కాల్. "చూశావుటే? అందులో తల్లికున్న పట్టుదల నీకేదీ? మీరు గ్లాసు చేతికందించి అందించి దాని నోరు కట్టేశారే." మా ఆవిడ ఫోన్ పెట్టేసి అంట్లు తోముకోవడానికి వెళ్లింది. 

రెండు రోజుల తర్వాత నేను జహ్రాలో ఒక ఇంటి మిద్దె మీద ఏసీ విప్పుకుని ఉన్నాను. ఎండ నెత్తిన కూర్చుంది. అక్క ఫోన్.

"తమ్మీ, యల్లా, జల్ది రా. మీ ఇంటామె పాపను పట్టుకుని కిచెన్ల గడియ పెట్టుకున్నది. నేనచ్చే వరకే గట్లున్నది. పొద్దటి సంది పిల్లకు నీళ్లిస్తలేదు. తియ్యవే అంటే, ఇంకొంచెం సేపు వదినా అంటది."

కింద ఇంటావిడకు ఖలాస్, ఈరోజుకి పని అయిపోయింది అని చెప్పి, విప్పినవి విప్పినట్టే వదిలేసి బండెక్కాను.

తలుపు నేను కొడితే, కూర్చున్నచోటి నుంచే గడియ లాగింది. మా ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో స్టీలు గ్లాసు. పాప తెచ్చి పెట్టిందే. ఎన్నిసార్లు పెట్టిందో, ఎన్నిసార్లు ఈమె పక్కన పెట్టేసిందో నేను అడగలేదు. పాప మణికట్టు మీద పళ్ల గుర్తులు. తన పళ్లే.

"ఇంకొంచెం సేపండీ. పెదాలు కదిలిస్తోంది. నేను చూశాను. ఒట్టండీ."

నేను గ్లాసు నిండా నీళ్లు పోసి పాపకు అందించాను. తీసుకోలేదు. గ్లాసు వంక చూడనైనా చూడలేదు. నన్ను తప్పించుకుని బాత్రూంలోకి పరిగెత్తి కుళాయికి నోరు పెట్టింది. ఎండాకాలం మా కుళాయిలో వచ్చేది డాబా మీది ట్యాంకులో ఉడికిన నీళ్లు. చెయ్యి పెట్టలేం. పాప అరిచి వెనక్కి తగ్గి, మళ్లీ నోరు పెట్టింది. అక్క ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చి కుళాయి కిందే ధారగా పోస్తే అప్పుడు తాగింది.

ఆ తర్వాత పాప గ్లాసు తేవడం మానేసింది.

నీళ్లకేం, ఇంటినిండా పెట్టాం. అందేలా సీసాలు, మూతలు వదులు చేసి. దాహం తీరుతోంది. అడగడం పోయింది. నీళ్లే కాదు, అన్నం కోసం కంచం తేవడం కూడా పోయింది. మళ్లీ ఒకే ఏడుపు, మళ్లీ మేం అరటిపండు, దుప్పటి చూపిస్తూ తిరగడం. సెంటర్లో టీచరు అడిగింది, ఇలా చెయ్యమని మీకెవరు చెప్పారని. మా ఆవిడ టీవీ పేరు చెప్పలేకపోయింది. "చుట్టాలు చెప్పారు" అంది. అదీ నిజమే. రోజూ ఐదింటికి వచ్చి హాల్లో కూర్చుని పోయే ఆడమనిషి చుట్టం కాక ఏమవుతుంది?

ఆ ఎపిసోడ్ హిట్టయిందని సీరియల్ వాళ్లు పండగ చేసి, ఆ వీడియో నెట్లో పెట్టారు. తల్లి వేషం వేసినావిడ కేకు కోసి, ఇలాంటి పిల్లల తల్లులకు నేను ధైర్యమిచ్చాను, ఆ తృప్తి చాలు అంది. మా ఆవిడ ఆ వీడియో కింద జరిగిందంతా రాసి పెట్టింది. తప్పులు లేకుండా ఉండాలని రెండుసార్లు నాకు చదివి వినిపించింది. జవాబు లేదు. కింద వందలమంది దండాలు పెడుతున్నారు, ఈమె రాసింది వాటి కింద ఎక్కడికో జారిపోయింది.

"మొదటే అబద్ధం చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదండీ" అంది ఆ రోజు. "మనింట్లోకొచ్చి కూర్చుని, మన మూతలు, మన పెరుగన్నం, మనం పడ్డ మాటలూ అన్నీ చూసి, నిన్ను నేనెరుగుదునమ్మా అని చెయ్యి పట్టుకుని, అప్పుడు చెప్పారు. నమ్మించి గొంతు కోశారు." మళ్లీ తనే అంది, "కోసింది నా గొంతయినా బాగుండును."

మామూలుగా ఇలాంటి చోట నేనొక ఒంటెను దింపుతాను. ఆ రోజు వెళ్లి సీసాల మూతలు వదులు చేస్తూ కూర్చున్నాను.

మా ఆవిడ సీరియల్ మానేసింది. అక్క మాత్రం మానలేక, మేం బాధపడతామేమోనని టీవీ సౌండు పూర్తిగా తగ్గించి బొమ్మ మాత్రం చూసేది. అందులో పాప ఇప్పుడు శ్లోకాలు చదివి బహుమతులు తెచ్చుకుంటోంది. అలాంటి ఒక సాయంత్రం నేను హాల్లో స్పానర్లు తుడుచుకుంటున్నాను. మా ఆవిడ వంటగది గుమ్మం దగ్గర కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. పాప వంటగదిలోంచి వచ్చింది. చేతిలో గ్లాసు.

మా ఆవిడ చేతిలో చాకు కింద పెట్టేసి చెయ్యి చాపింది. పాప ఆ చెయ్యి పక్కనుంచి, తాకకుండా, గోడవారగా ఒదిగి నడిచి, హాలు దాటి, అక్క దగ్గరికి వెళ్లింది. అక్క ఒళ్లో గ్లాసు పెట్టింది.

అక్క టీవీ కట్టేసింది. గ్లాసు చేతిలోకి తీసుకుంది. మా ఆవిడ వంక చూసింది, నా వంక చూసింది. సీసా ఆమె పక్కనే ఉంది, కానీ చెయ్యి దానిమీదికి పోలేదు. "నేనేం జెయ్యాలె తమ్మీ?" అంది. పాప అక్క మోచెయ్యి పట్టుకుని సీసా వైపు నెట్టింది. ఒకసారి, ఇంకోసారి.

మా ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"పొయ్యండి వదినా" అంది. "అడుగుతోంది కదా."