నాగమ్మ చేతి ఎముక

ఈ ఉదయం మనవరాలు వేలు కోసుకుంటే దూదిని స్పిరిటులో తడిపాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఒకప్పటి మా ప్రయోగశాల, అక్కడి పెద్ద డాక్టర్ ఖాదర్ గారు గుర్తొచ్చారు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మద్రాసులో వైద్యం చదివి వచ్చి, కర్నూలులో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో ఆయన కింద చేరాను. మైక్రోస్కోపు మీద వంగారంటే పక్కన పిడుగు పడ్డా తలెత్తని మనిషి. ఆయన నిదానం చూస్తే నాకు విసుగుగా ఉండేది.

పత్తికొండ వైపు పల్లె నుంచి నాగమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. బిందె ఎత్తబోతే భుజం కింద ఎముక పుటుక్కున విరిగిందట. అక్కడి నుంచి తీసిన చిన్న ముక్కను పరీక్షకు మాకు పంపారు. చూస్తే, మామూలుగా అక్కడొకటి ఇక్కడొకటి కనిపించే ప్లాస్మా కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. మైలోమా! మూలుగలో పుట్టి ఒంట్లో ఎముకలన్నిటినీ తొలిచే క్యాన్సర్. అప్పట్లో దానికి చెప్పుకోదగ్గ మందు లేదు. గబగబా నివేదిక రాసి, వరండాలో కూర్చున్న ఆమె భర్త మద్దిలేటి దగ్గరికి బయల్దేరాను.

ఆ రోజు మాత్రం ఖాదర్ గారు తలెత్తారు. "యాడికి పోతాండావమ్మా?"

"ఆమె ఎక్కువ రోజులు బతకదని చెప్పాలి కదా సార్."

"ఒక్క ఎముక చూసి ఆ మాట ఎట్ల చెప్తావు? మిగతావి చూసినావా?"

నివేదిక పట్టుకుని వెనక్కి వచ్చి కూర్చున్నాను.

పది రోజులు వెతికాం. పుర్రె, వెన్ను, పక్కటెముకలు, తుంటి, అన్నిటికీ ఎక్స్‌రేలు తీయించారు. ఎక్కడా మచ్చ లేదు. రొమ్ము ఎముకలోంచి తీసిన మూలుగ శుభ్రంగా ఉంది. ఈ జబ్బున్న చాలామంది మూత్రం మెల్లగా వేడిచేస్తే తెల్లబడుతుంది, మరిగిస్తే మళ్లీ తేటపడుతుంది. మూడు రోజులు వరుసగా ఆ పరీక్ష చేశాను. ఒక్కసారి కూడా తెల్లబడలేదు.

"ఇంకా ఏం చూస్తాండారు తల్లీ?" అని నాగమ్మ అడిగింది. "ఇంటికాడ ఇద్దరు బిడ్డలుండారు."

"ఇంకొంచెం ఓపిక పట్టమ్మా" అన్నాను. ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

చివరికి ఖాదర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఒక్క చోటనే ఉండాదమ్మా. ఇట్లాంటిది శానా అరుదు. నేనూ పుస్తకాల్లో చదివిందే." ఆయనే స్వయంగా వరండాలోకి నడిచారు. "ఏమప్పా, ఈమెను మద్రాసుకు పిల్చుకపో. ఆ చేతికి కిరణాల వైద్యం చేస్తారు. జబ్బు మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. ఆర్నెల్లకోసారి మాకు చూపించల్ల."

"బతుకుతాదా సార్?"

"బతుకుతాదనే అనుకుంటాండా."

మద్దిలేటి గోడకానుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నా గుండెల మీది బరువు కూడా అప్పుడే దిగింది.

మద్రాసులో వైద్యం అయ్యాక ఆర్నెల్లకోసారి వచ్చేది నాగమ్మ. అయిదో ఏడు పచ్చి శనక్కాయల మూట మా బల్ల మీద పెట్టి, "ఈ చేత్తోనే పెరికినా" అంది. ఖాదర్ గారు అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

ఆనాడు నేను వరండా చేరి ఉంటే, ఇక చేసేదేమీ లేదని మద్దిలేటి ఆమెను బండెక్కించి ఊరికి తీసుకుపోయేవాడు. ఆ భయం ఇప్పటికీ పోలేదు. తర్వాత ఉద్యోగంలో చెడ్డ కబురు చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ, ఇంకా చూడనిదేమైనా మిగిలిందా అని కాసేపు కూర్చుని ఆలోచించేదాన్ని. చాలాసార్లు ఏమీ మిగిలేది కాదు. అప్పుడే ఆ కబురు చెప్పడానికి లేచేదాన్ని.