సోయా మైనానికి సన్న వత్తి

భూలక్ష్మి నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు తొమ్మిదో అంతస్తు తుడుస్తుంది. పొద్దున ఏడింటికి ఎక్కితే మూడింటికి దిగుతుంది. అప్పటికి మోకాళ్లు తనవి కాకుండా పోతాయి. ఆ మోకాళ్లతోనే ఒంటిగది ఇంటికొచ్చి కొవ్వొత్తులు పోస్తుంది. ఒక మనిషికి రెండు పనులెందుకని అడిగేవాళ్లు ఆ మాప్ కర్ర ఒక వారం పట్టి చూడాలి. కొవ్వొత్తులు నిలదొక్కుకుంటే ఆ కర్ర వదిలేయాలని ఆమె ఆశ. అంతకు మించి పెద్ద కోరికలేమీ లేవు.

ఈ దీపావళికి దారి కనిపించింది. ఆఫీసులో హెచ్‌ఆర్ పని చూసే ఉమాశ్రీ, ఉద్యోగులకు ఇవ్వడానికి చిన్న గాజు గ్లాసుల్లో నూరు కొవ్వొత్తులు అడిగింది. నచ్చితే ప్రతి పండక్కీ తీసుకుంటామంది.

"కానీ పారఫిన్ వద్దండి. సోయా మైనమే కావాలి. ఇప్పుడందరూ అదే అడుగుతున్నారు."

పదేళ్లుగా భూలక్ష్మి చేతికి తెలిసింది మామూలు కొవ్వొత్తుల మైనం, పారఫినే. గట్టిగా ఉంటుంది, చెప్పిన మాట వింటుంది. సోయా గింజల నూనెతో చేసే ఈ కొత్త మైనం వెన్నలా మెత్తన. అయినా తెచ్చింది. ఒక మేలు మాత్రం వెంటనే కనిపించింది. పారఫిన్ పొగకు రోజంతా దగ్గే అత్త నర్సమ్మ ఆ వారం హాయిగా నిద్రపోయింది.

ముందు ఒక్క గ్లాసు పోసి, మూడు గంటలు వెలిగించి ఆర్పాలి, చల్లారాక మళ్లీ వెలిగించి చూడాలి అని మైనం అమ్మినతను చెప్పాడు. భూలక్ష్మి ఇల్లు చేరి వెలిగించేసరికి మూడున్నర. ఆర్పాల్సిన ఆరున్నర దీపాలు పెట్టే వేళ. నర్సమ్మ గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏంది పిల్లా, దీపాల యాల్లకు దీపం ఆర్పుతవా? ఇంటికి మంచిదేనా?"

వాదించే ఓపిక లేక భూలక్ష్మి వదిలేసింది. అది తెల్లవారుజాముదాకా వెలిగి దానంతటదే కొండెక్కింది. బాగానే వెలిగింది కదా అనుకుని నూరూ పోసేసింది.

ఉమాశ్రీ వాటిలో ఒకటి నమూనాగా కొండాపూర్‌లోని తన ఇంటికి పట్టుకెళ్లింది. శుక్రవారం పిలిచి చెప్పింది.

"మొదటిరోజు బాగుందండి. ఆర్పి మర్నాడు వెలిగిస్తే వత్తి మైనంలో మునిగిపోతోంది. బుధవారానికి సరిచేయగలరా? లేకపోతే బయట కొనాల్సి వస్తుంది."

కసురుకున్నా బాగుండేది. మర్యాదగా చెప్పేసరికి చేస్తానండి అని వచ్చేసింది.

తప్పు వత్తిది. పారఫిన్‌కు పెట్టే సన్న వత్తి సోయాకు చాలదు. ఆ రోజు ఒక్కసారి ఆర్పి ఉంటే తెలిసేది. ఇప్పుడు మైనమంతా కరిగించి, లావు వత్తులు పెట్టి మళ్లీ పోయాలి. తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

కోకాపేటలో సెక్యూరిటీ పని చేసే భర్త వీరేశం సులువు చెప్పాడు.

"ఎందుకే పరేషాన్? పాత మైనమే పొయ్యి. సోయా అని కాయితం అంటియ్యి. ఎవలకు ఎరుకైతది?"

ఆశ పుట్టలేదంటే అబద్ధం. పారఫిన్ సంచి విప్పుకుని చాలాసేపు కూర్చుంది. పక్కన మంచం మీద నర్సమ్మ దగ్గు లేకుండా నిద్రపోతోంది. భూలక్ష్మి సంచి మూతి మళ్లీ కట్టేసింది.

"అత్తమ్మ రొమ్ముకు ఎరుకైతది," అంది.

శనివారం లావు వత్తితో రెండు గ్లాసులు పోసింది. ఆదివారం మూడున్నరకు వెలిగించింది. "ఆరున్నరకు ఆర్పాలె అత్తమ్మా, తప్పది," అని చెప్పి గోడకు ఆనుకుంది. ఆనుకున్నది ఆనుకున్నట్టే నిద్రపోయింది.

లేచేసరికి చీకటి పడింది. రెండు గ్లాసుల మీదా స్టీలు మూతలున్నాయి. నర్సమ్మ ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంది.

"ఎవలు ఆర్పిన్రు అత్తమ్మా?"

"నేనే. ఆరున్నర కాంగనే."

డెబ్బై ఏళ్లలో ఆ వేళకు దీపం ఆర్పడం ఆమెకదే మొదలు.

"ఏమన్న అయితే నా మీదికే రానీ. నువ్వు గా తొమ్మిదో అంతస్తు ఇంకెన్నేండ్లు తుడుస్తవ్?"

తన అలసట ఇంట్లో ఎవరికీ కనపడదని భూలక్ష్మి ఇన్నేళ్లూ అనుకుంది. మూత తీసి అగ్గిపుల్ల గీసింది. వత్తి మునగలేదు.

మిగతా గ్లాసుల మైనం కరిగించడానికి నర్సమ్మే లేచి పొయ్యి ముట్టించింది.