దెబోరా ఇంటికొచ్చిన తిండి సర్వే

లక్సెట్టిపేటలో దెబోరాను ఎరగని గడప లేదు. ఇరవై ఆరేళ్లుగా ఏ సర్కారు సర్వేకైనా ఆమె కాళ్లే కావాలి. ఇళ్ల లెక్క, మరుగుదొడ్ల లెక్క, బడికి పోని పిల్లల లెక్క, ఆఖరికి బర్రెల లెక్క. పని మాత్రం ఏనాడూ కాంట్రాక్టు దాటలేదు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. వాటి సంగతి అడిగే సర్వే ఇంకా రాలేదు.

ఈసారి వచ్చింది తిండి సర్వే. ఇంట్లో అందరికీ సరిపడా తిండి ఉంటోందా, ఎవరైనా పూట మానేస్తున్నారా అని ఎనిమిది ప్రశ్నలు. చూడ్డానికి ఇంతకన్నా తేలిక పని లేదు. చేసినవాళ్లకు తెలుస్తుంది దాని సంగతి. మన దగ్గర ఎవరినైనా 'తిన్నవా' అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, 'తిన్న'. కడుపులో ఉన్నదానికీ ఆ మాటకూ సంబంధం ఉండదు. ఇంటికొచ్చిన మనిషి ముందు తినలేదని చెప్పుకుంటే పరువు పోయినట్టే.

పోయిన ఏడాది ఇదే సర్వేకు దెబోరా గోదావరి ఒడ్డున ఒక పల్లెలో ముప్పై ఇళ్లు తిరిగింది. ముప్పై ఇళ్లలోనూ తిన్నమనే చెప్పారు. ఎండ మండిపోతోంది, సాయంత్రంలోగా అన్నీ పంపాలి. ఎవరినీ రెండోసారి అడగకుండా ట్యాబ్‌లో 'లేదు', 'లేదు' అని నొక్కుకుంటూ పోయింది. ఆరు నెలల తర్వాత ఆ ఊరి ముసలివాళ్లు తమకు పగటిపూట అన్నం పెట్టే కేంద్రం కావాలని అర్జీ పెట్టుకున్నారు. మీ ఊళ్లో ఆకలి ఉన్నట్టు లెక్కల్లో లేదని తిప్పి పంపారు. ఆ ఊరి బుచ్చిరాములు అనే ముసలాయన అంగట్లో కనిపించి అడిగాడు.

"మేమంత కడుపునిండ తింటున్నమని గా కాయిదంల ఎవలు రాసిన్రు బిడ్డా?"

నేనే అని చెప్పకుండా దెబోరా కూరగాయల సంచి సర్దుకుని వచ్చేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ ఆమెను వదల్లేదు.

అందుకే ఈసారి కరీంనగర్‌లో జరిగిన శిక్షణలో కొత్తవాళ్లకు గట్టిగా చెప్పింది.

"మొదాలు చెప్పిన జవాబు రాయకున్రి. అడిగినంక తల దించుకొని సప్పుడు చెయ్యకుండ కూసోన్రి. జర సేపు మీరు వాళ్ల మొకం చూడకుంటే, నిజం దానంతట అదే వస్తది."

ఎదుటివాళ్లకు చెప్పడం ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఎవరి వార్డు వాళ్లు చేసుకోకూడదన్నది నియమం. మొన్న సాయంత్రం చర్చి వెనకాల ఉన్న దెబోరా ఇల్లే జాబితాలో పడింది. వచ్చిన పిల్ల ఆరాధన, శిక్షణలో దెబోరా మాటలు విన్నదే. దెబోరా అప్పుడే ఊళ్లు తిరిగొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. భర్త ఫిలిప్ మంచం మీద ఉన్నాడు. ఇరవై ఏళ్లు గ్రానైట్ కోత పనిలో దుమ్ము మింగిన మనిషి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. రేషన్ బియ్యం ఇరవయ్యో తారీఖుకల్లా అడుగంటుతాయి. మందులు ఆపడానికి లేదు. కాబట్టి నెలాఖరులో ఆగేది దెబోరా రాత్రి భోజనమే. పోయిన ఊళ్లోనే తినొచ్చానని ఆయనకు చెబుతుంది. రెండేళ్లుగా అదే మాట. ఆయన నమ్ముతున్నాడని ఆమె ధైర్యం.

ఆరాధన ట్యాబ్‌లో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా చదివింది.

"గత పన్నెండు నెలల్లో డబ్బు గానీ ఇతర వనరులు గానీ లేనందువల్ల మీరు ఎప్పుడైనా ఒక పూట భోజనం మానేయాల్సి వచ్చిందా?"

"లేదు బిడ్డా. మంచిగనే తింటున్నం," అంది దెబోరా.

అనేశాక గానీ తెలియలేదు ఏమందో. ఆలోచించి అన్నది కాదు, నోటికి అలవాటైపోయిన మాట. పైగా పక్కనే ఫిలిప్ వింటున్నాడాయె.

ఆరాధన 'లేదు' నొక్కలేదు. తల దించుకుని ట్యాబ్ చూసుకుంటూ కూర్చుంది.

దెబోరాకు ఒళ్లు మండింది. నేను నేర్పింది నా మీదనేనా అనుకుంది. అంతలోనే బుచ్చిరాములు గుర్తొచ్చాడు. లేదంటే ఈ వార్డు కూడా కాగితంలో కడుపునిండిన వార్డే. అవునంటే రెండేళ్ల అబద్ధం మొగుడి ముందు బయటపడుతుంది, రేపటి నుంచి ఆయన ముద్ద ముట్టడు. పొద్దంతా నడిచిన కాళ్లు గుంజుతున్నాయి. ధైర్యం వచ్చి కాదు, ఇంకో అబద్ధం మోసే ఓపిక లేక నిజం చెప్పింది.

"అవు బిడ్డా. నెలల ఎనిమిది, తొమ్మిది రోజులు రాత్రి తింట లేను నేను. రాసుకో."

మంచం వైపు చూడలేకపోయింది. ఫిలిప్‌కు దగ్గు వచ్చింది. 

"నిజమే, రాసుకో బిడ్డా," అన్నాడు ఆయన దగ్గు ఆగాక, పైన రేకుల వైపు చూస్తూ. "డబ్బాల బియ్యం ఎన్ని ఉన్నయో నేను సూస్త లేనా. నాకు ఎర్కనే. తెల్సే తిన్న."