ఏది కొత్త పన్నో చెప్పు

పొద్దున్నే ల్యాబు తలుపు తీసి, పళ్లసెట్ల పొడిలో కలిపే ద్రవం సీసా మూత విప్పగానే ఘాటు వాసన గదంతా కమ్ముకుంటుంది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసనతో పాటే, పని నేర్పిన రాహేలు మేడం వచ్చి పక్క స్టూలు మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఆమె పోయి రెండేళ్లయింది. మిర్యాలగూడలో నేను సొంతంగా నడుపుతున్న ఈ ల్యాబులో ఏ పన్నయినా ఆమె చూసి సరే అన్నాకే బయటికి వెళ్తుందని నా నమ్మకం. పిచ్చి నమ్మకమే అనుకోండి, నాకు పని అలాగే సాగుతుంది.

పళ్ల డాక్టరు అందరికీ తెలుసు. ఆయన పెట్టే పన్నును చేసే మనిషి వేరే ఉంటారని మాత్రం చాలామందికి తెలియదు. డాక్టరు కొలత తీసి పంపిస్తాడు, మేము పింగాణీతో పన్ను చేసి పంపిస్తాం. సూర్యాపేటలో ఒక రైసుమిల్లు వెనక వీధిలో, మేడ మీద రెండు గదులు మేడం ల్యాబు. కోదాడ నుంచీ మిర్యాలగూడ నుంచీ కొలతలు బస్సుల్లో వచ్చేవి, పళ్లు బస్సుల్లోనే తిరిగి వెళ్లేవి. పళ్లు చేసే కోర్సు ముగించి నేను ఆమె దగ్గర చేరేనాటికి నా పళ్ల నిండా గోధుమరంగు చారలు. చివ్వెంల దాటాక ఉన్న మా ఊళ్లో బోరు నీళ్ల ఫ్లోరైడు చేసిన నిర్వాకం అది. నవ్వొస్తే చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకోవడం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. పళ్లు చేసే పనిలో ఎందుకు చేరానంటే, నిజం చెప్పాలి, ఎప్పటికైనా నా పళ్లు మార్చుకోవాలని.

మేడం పన్ను రంగు చూసే తీరు మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పొద్దున పది గంటలకే రమ్మనేది, అదీ ఉత్తరం కిటికీ దగ్గర. ట్యూబులైటు ఆర్పేసేది. వచ్చినామె ఎర్రచీర కట్టుకుంటే మెడ చుట్టూ బూడిదరంగు గుడ్డ కప్పేది, ఎరుపు పళ్ల మీద పడుతుందని. తర్వాత పెదవి ఎత్తి, సరిగ్గా అయిదు లెక్కపెట్టేంతసేపు చూసి చటుక్కున తల తిప్పేసి, గోడకున్న నీలం అట్టను చూస్తూ కూర్చునేది. ఎందుకని అడిగితే, "ఎక్కువసేపు సూస్తే కన్ను అలవాటు పడ్తది బిడ్డా. అలవాటు పడ్డ కన్ను అబద్ధం చెప్తది" అంది. ఆ అయిదు అంకెల్లోనే ఆమెకు పన్ను మీది సన్న గీతలూ, అంచున ఉండే నీలి నీడా, తెల్లటి మబ్బు తునకలూ అన్నీ కనబడేవి. రంగు పెన్సిళ్లతో నోటుబుక్కులో గీసేసేది. నేను అరగంట చూసినా అందులో సగం పట్టుకోలేకపోయేదాన్ని.

నేను చేరిన ఏడాది సరళ టీచర్ వచ్చింది. నడిగూడెం దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ నడుపుతుంది. బండి మీంచి పడి ముందు పన్ను సగానికి విరిగింది. కోదాడ డాక్టరు కొలత తీసి, రంగు మాత్రం మేడమే చూడాలని సూర్యాపేట పంపించాడు. ఆమె పళ్లకు కూడా నా పళ్లలాంటి చారలే. కుర్చీలో కూర్చోగానే ఆమె అన్న మాట ఇప్పటికీ నన్ను వదలదు.

"పన్ను పోతే పోయిందండీ. అది విరిగినప్పటి నుంచీ నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నానా, అది చూసి మా పిల్లలు కూడా అలాగే నవ్వుతున్నారు మేడం. మూడేళ్ల పసివాళ్లు. పాలపళ్లు దాచుకుంటున్నారండీ" అని ఏడ్చేసింది. నాకు ఇక ఈ చెయ్యి దించే దారి చూపించండి అని ఆమె అడిగినప్పుడు నా చున్నీ కొస నా పెదవుల మీదే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మేడం చారలతో సహా పన్ను బొమ్మ గీసి నాకు ఇచ్చి, ఏదో పని మీద మిర్యాలగూడ వెళ్లింది. పన్ను నేనే చేశాను. ఆకారం బాగా కుదిరింది. చారలు దిద్దే ఘట్టం వచ్చేసరికి మాత్రం నాకు చెయ్యి రాలేదు. ఏ మచ్చల కోసం నేను చిన్నప్పటి నుంచీ కుమిలిపోతున్నానో, వాటిని నా చేత్తో నేనే ఒక ఆడమనిషి నోట్లో గీయాలా? పాపం, ఒక్క పన్నయినా మల్లెపువ్వులా ఉండనీ అనుకున్నాను. అలాగే తెల్లగా కొలిమిలో కాల్చి, కోదాడ బస్సులో పంపేశాను. ఆ రోజంతా పుణ్యం చేసినట్టే తిరిగాను.

నాలుగో రోజు సరళ టీచర్ తిరిగొచ్చింది. ఈసారి రెండు చేతులూ నోటికి అడ్డం ఉన్నాయి. "పిల్లలు 'ఆ పన్ను ఎవరిది టీచర్?' అని అడుగుతున్నారండీ" అంది. నిజమే, ఆ నోట్లో అది ఒక్కటే చుట్టం చూపుగా వచ్చినట్టుంది. మేడం చూసింది. "తప్పు మాదే తల్లీ, ఇంకోటి చేసిస్తం" అని మర్యాదగా పంపించి, నా వైపు తిరిగింది.

"మచ్చలెందుకు పెట్టలే?"

"గవి మంచిగుండయ్ కద మేడం. ఒక్క పన్నన్న తెల్లగుండనీయ్ అనుకున్న."

"నువ్వు ఆమె పన్ను చేసినవా, నీ పన్ను చేసినవా?" అంది మేడం. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ తగిలింది. "అన్ని పండ్లు తెల్లగ కావాల్నంటే గదీ చేస్తం, అండ్ల తప్పేం లేదు. గని ఆమె గది అడగలే. పిల్లల ముంగట చెయ్యి దించాలె అన్నది. గంతే."

మళ్లీ మేడమే చేసింది. పింగాణీ పొడిని తడిపి పొర మీద పొర పెట్టింది. నాలుగు వెంట్రుకలున్న కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒక్కో చార దిద్దింది. కొలిమిలోంచి తీసినప్పుడు చూస్తే అది చేసిన పన్నులా లేదు. ఆ ఊరి నీళ్లు తాగి పెరిగిన పన్నులా ఉంది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఏ మచ్చను నేను అసహ్యించుకున్నానో దాన్ని ఒక మనిషి అంత శ్రద్ధగా, అంత ప్రేమగా గీయగలదని నేను అనుకోలేదు. బస్సులో పంపకుండా, ఇద్దరం కోదాడ వెళ్లి దగ్గరుండి పెట్టించాం. సరళ టీచర్ అద్దం అందుకుని చాలాసేపు వెతికి, "ఇంతకీ మీరు పెట్టింది ఏదండీ?" అని పకపకా నవ్వింది. అద్దం ఒక చేతిలో, పర్సు ఒక చేతిలో. కొన్నాళ్లకు ఆమె ఫోను చేసింది, పిల్లలు నోళ్లు బార్లా తెరిచి నవ్వుతున్నారని.

తర్వాత నేను నా పళ్ల మాట ఎత్తాను. ఉన్నదాంతో సరిపెట్టుకోమంటుందేమోనని భయం. మేడం, "నీ పండ్లు నీ ఇష్టం, రా కిటికీ కాడికి" అని కూర్చోబెట్టింది. నా చారల మీద సన్నటి పింగాణీ రేకులు వచ్చాయి. సున్నం కొట్టినట్టు కాదు, నాకు పుట్టుకతో ఉండాల్సిన పళ్లలాగే చేసింది. ఇంటికెళ్లి అద్దం ముందు ఏడ్చాను, సంతోషంతోనే. అయినా నవ్వొస్తే చున్నీ మాత్రం పైకే పోయేది. మేడం రెండుమూడుసార్లు చూసి, "పండ్లు నేను చేసిన. చెయ్యి దించుడు నాతోని కాదు బిడ్డా" అంది.

ఏళ్లు గడిచాయి, నేను మిర్యాలగూడలో సొంత ల్యాబు పెట్టుకున్నాను. షుగరు మేడం చూపును కొద్దికొద్దిగా తినేసింది. రంగు పట్టలేకపోయిన రోజున, ఎవరూ చెప్పకముందే, ఆమె కుంచె కింద పెట్టేసింది. చివరిసారి మిర్యాలగూడ వచ్చింది తన ముందు పన్ను కోసం. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, అయిదు లెక్కపెట్టి, రంగు గీసుకుని, పన్ను చేశాను. డాక్టరు చేత పెట్టించాక ఆమెకు అద్దంలో కనబడలేదు. బయట ఆటో ఉంటే డ్రైవరును కేకేసి పిలిచింది.

"తమ్మీ, నా పండ్లు జర సూడు. ఏది కొత్తదో చెప్పు."

అతను తికమకపడి, వంగి, తేరిపార చూసి, వేలు పెట్టి ఒక పన్ను చూపించాడు. అది పాతది. మేడం రెండు చేతులూ చాచి నా చేతులు వెతికి పట్టుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. చాలాసేపటికి గానీ గమనించలేదు, నా చేతులు రెండూ ఇంకా ఆమె చేతుల్లోనే ఉన్నాయి.