నోటికి రాని పేరు

ఆ బజారులో ఇనుప సామాన్ల కొట్లకు కొదవలేదు. అయినా కొనాల్సిన వస్తువు పేరు తెలియనివాళ్లంతా వెతుక్కుంటూ బోల్టు బాబాయి కొట్టుకే వచ్చేవాళ్లు. "అదేనండీ, తలుపు వెనకాల ఇలా తిరుగుతుంది చూడండి, దాని కింద చిన్నది ఒకటుంటుంది..." అంటూ గాల్లో వేళ్లు తిప్పుతుంటే ఆయన ఓపిగ్గా చూసేవాడు. తర్వాత వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి, సొరుగు లాగి, వస్తువు తీసి బల్ల మీద పెట్టేవాడు. దాని పేరు కూడా చెప్పి పంపేవాడు. "ఈసారి ఈ పేరు చెప్పమ్మా, ఎక్కడైనా ఇస్తారు" అనేవాడు.

కొట్లో భాగస్తుడైన తమ్ముడికి ఇది మింగుడుపడేది కాదు. "బేరాన్ని మనమే వేరే కొట్లకి సాగనంపుతున్నాం కదన్నయ్యా" అనేవాడు. బాబాయి నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు పొద్దున్నే ప్లంబరు ఒకడు వచ్చి కుళాయికి వాషర్లు కావాలన్నాడు. బాబాయి సొరుగు లాగాడు, సరైనవే ఏరి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో" అన్నాడు. ఆ తర్వాతి మాట కోసం నోరు తెరిస్తే, "గొడుగు" అని వచ్చింది.

"గొడుగేంటి బాబాయ్, పొద్దున్నే!" అని ప్లంబరు పకపకా నవ్వాడు. బాబాయి కూడా నవ్వబోయాడు. నవ్వు మూతికి ఒక పక్కనే వచ్చింది. ఆ ముఖం చూసి తమ్ముడు చేతిలో ఉన్న టీ గ్లాసు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి కాళ్లు బాగానే ఆడుతున్నాయి. కుడిచెయ్యి కాస్త మొరాయించినా దారికొచ్చింది. మూతి కూడా చక్కబడింది. మాటల్లో మాత్రం చిన్నాచితకవే మిగిలాయి. ఊఁ, కాదు, అదీ, ఇదిగో, అబ్బా. ఎదుటివాళ్లు మాట్లాడేదంతా అర్థమయ్యేది. గ్లాసును చూస్తే గ్లాసని తెలుసు, నీళ్లు తాగడానికని తెలుసు. దాని పేరు నాలుక చివరిదాకా వచ్చి జారిపోయేది. దాని స్థానంలో ఎక్కడి మాటో ఊడిపడేది. సబ్బు కావాలంటే "నిచ్చెన" అనేవాడు. కళ్లజోడు కావాలంటే "చేప" అనేవాడు. అన్నది తప్పని అన్న మరుక్షణమే ఆయనకు తెలిసిపోయేది. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

పిల్లల్లేని ఇల్లు. ఆయనా, భార్యా. ఆవిడ వంటింట్లోని వస్తువులన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూపించేది. "ఇదా? పోనీ ఇదా? మరింకేంటండీ?" నాలుగో వస్తువు దగ్గర ఆయనకు ఒళ్లు మండేది. అప్పుడు మాత్రం తిట్లు తడుముకోకుండా, స్పష్టంగా, వరసపెట్టి వచ్చేవి.

"అన్ని మాటలూ పోయి ఇవి మిగిలాయా! పోవాల్సినవే ఇవి కదా" అని ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకునేది. ఇద్దరికీ నవ్వొచ్చేది.

మొదట్లో పలకరించడానికి చాలామందే వచ్చారు. పక్క కొట్టు టైలరు సాయంత్రాలు వచ్చి కూర్చునేవాడు. బాబాయికి చెవులు కూడా పోయాయనుకున్నాడో ఏమో, వీధి చివరిదాకా వినపడేట్టు అరిచి మాట్లాడేవాడు. బాబాయి జవాబు చెప్పబోయి తప్పు మాట అనగానే అతను గోడ వైపు చూసేవాడు. రానురాను రాకపోకలు పలచబడ్డాయి. ఒకరోజు బజారులో ఎదురుపడితే చెయ్యి ఊపి, అర్జెంటు పనున్నట్టు రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయాడు. బాబాయికి కోపం రాలేదు. పిలుద్దామనుకున్నాడు. ఏమని పిలవాలి? ముప్పైయేళ్ల స్నేహితుడి పేరు రాక, రోడ్డు పక్కన చెయ్యెత్తుకుని నిలబడిపోయాడు.

కొట్టుకు కూడా కొన్నాళ్లు వెళ్లాడు. మేకులు తూచి ఇవ్వడం, సొరుగులు సర్దడం చేసేవాడు. ఒకరోజు ఎవరో వచ్చి పేరు తెలియని వస్తువు కోసం గాల్లో వేళ్లు తిప్పారు. బాబాయి ఠక్కున తీసిచ్చాడు. ప్రాణం లేచొచ్చింది. "దీన్నేమంటారండీ?" అని అడిగారు వాళ్లు. బాబాయి నోరు తెరిచాడు. తెరిచి, అలాగే ఉండిపోయాడు. తమ్ముడు గబగబా అందుకుని ఆ పేరు తనే చెప్పేశాడు.

ఆ సాయంత్రం షట్టరు దించుతూ, "అన్నయ్యా, కొన్నాళ్లు ఇంటిపట్టునే ఉండు. నువ్వలా ఇబ్బంది పడుతుంటే నేను చూడలేకపోతున్నా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. బాబాయి "ఊఁ" అన్నాడు. ఆయన దగ్గర మిగిలిన మాటల్లో అదొకటి.

ఆసుపత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ ఒకామె ఉంది. చిన్నపిల్ల. వారం వారం భార్యాభర్తలిద్దరూ వెళ్లేవాళ్లు. ఆమె బొమ్మలు చూపిస్తే ఈయన పేర్లు చెప్పాలి. మాట రాకపోతే మొదటి అక్షరం అందించేది. అప్పటికీ రాకపోతే ఎడమచేత్తో బల్ల మీద దరువు వేయిస్తూ, పాటలా సాగదీసి అనిపించేది. అలా కుర్చీ వచ్చింది. తలుపు వచ్చింది. వచ్చినవి మళ్లీ వారానికి సగం పోయేవి.

ఒకసారి బొమ్మలన్నీ పక్కన పెట్టి, పక్క కుర్చీలో ఉన్న ఆవిడను చూపించింది.

"సార్, వీళ్లెవరు?"

"ఇదిగో" అన్నాడు బాబాయి.

టీచరమ్మ నవ్వింది. "ఇదిగో కాదు సార్. వీళ్ల పేరు చెప్పండి."

ఆవిడ సిగ్గుపడి, "నా పేరెందుకమ్మా, ఆయనెప్పుడూ..." అంటూ తనే చెప్పబోయింది.

"మీరు చెప్పకండమ్మా. సార్ చెప్తారు."

బాబాయి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చీర కొంగు సర్దుకుంటోంది. ఆ పేరు తల లోపల ఎక్కడో కదిలినట్టే ఉంది. మూడక్షరాలు. నోటికి మాత్రం రాలేదు. అన్ని పేర్లూ ఇలాగే రావడం లేదు కదా అని సరిపెట్టుకోబోయాడు. అంతలో ఒక సంగతి తట్టింది. మిగతా మాటలు జబ్బుతో పోయాయి. ఈ మాట జబ్బుకు ముందు కూడా తన నోట్లో లేదు. "ఇదిగో", "ఏమోయ్", "విన్నావా". ఇన్నేళ్ల కాపురమూ వీటితోనే నడిచింది. కొట్లో ఉన్న ప్రతి శీలకీ బందుకీ పేరు పెట్టి పిలిచిన మనిషి, ఈమెను ఒక్కసారీ పిలవలేదు.

ఇంటికొచ్చే బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంది. ఆయన ఆవిడను చూస్తూ ఉన్నాడు.

మర్నాటి నుంచి బాబాయికి స్నానం ఆలస్యమవడం మొదలైంది. స్నానాలగది తలుపేసుకుని, కుళాయి ధారగా తిప్పి, బకెట్టు అంచు మీద ఎడమచేత్తో దరువేసేవాడు. మొదటి అక్షరం వచ్చేది. రెండోది వచ్చేలోపు నోరు పక్కదారి పట్టేది. "పటకారు" వచ్చేది, "పావురం" వచ్చేది, ఓసారి శుభ్రంగా టైలరు పేరు వచ్చింది. కావాల్సినప్పుడు రాని పేరు! ఆయన తనను తానే తిట్టుకునేవాడు. తిట్లు ఎప్పటిలాగే చక్కగా వచ్చేవి.

"ఏమండీ, ట్యాంకు ఖాళీ అయిపోతోంది! లోపల ఎవరితో ఆ పోట్లాట?" అని ఆవిడ తలుపు తట్టేది.

ఎండలు తగ్గి, వానలు వచ్చి వెళ్లాయి. ఒకరోజు తల తుడుచుకుంటుంటే, దరువూ పాటా లేకుండానే, ఆ మూడక్షరాలూ ఒకదాని వెనక ఒకటి నోట్లోంచి వచ్చేశాయి. బాబాయి తువ్వాలుతో అలాగే నిలబడ్డాడు. మళ్లీ అన్నాడు. మళ్లీ వచ్చింది. జారిపోతుందేమోనని గబగబా చొక్కా తగిలించుకుని, పెదాల మీద ఆ పేరు తిప్పుకుంటూ బయటికి వచ్చాడు.

ఆవిడ వంటింటి గడప దగ్గర కూర్చుని, పళ్లెంలో బీన్స్ తుంపుతోంది. వీపు ఇటు వైపుంది.

బాబాయి పేరు పెట్టి పిలిచాడు.

ఆవిడ తుంపుతూనే ఉంది.

గొంతు పెంచి మళ్లీ పిలిచాడు. ఈసారి ఆవిడ చేతులాగాయి. "ఎవరూ?" అంటూ లేచి, కొంగుకు చేతులు తుడుచుకుని, ఆయన పక్కనుంచే నడిచి వెళ్లి వీధి తలుపు తీసింది. బయటికి తొంగిచూసి అటూ ఇటూ వెతికింది.

"ఎవరూ లేరే. ఎవరినండీ పిలుస్తున్నారు?"

బాబాయికి మిగిలిన మాటలేవీ జవాబుకు పనికొచ్చేవి కావు. దగ్గరికెళ్లి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. మెల్లగా, ఒక్కో అక్షరమూ జాగ్రత్తగా పెట్టి, మూడోసారి అన్నాడు.

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. "నన్నా?"

"ఊఁ."

తీసిన తలుపు వేయడం కూడా మరిచిపోయి ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుంది. "బావుంది వరస! ఈ వయసులో పేరు పెట్టి పిలుస్తారా? ఎవరైనా వింటే నవ్విపోతారు" అని కసిరింది. కసిరిందే గాని, చాలాసేపు లేవలేదు.

"మా అమ్మ పిలిచేది. అక్క పిలిచేది. బళ్లో హాజరు వేసేటప్పుడు మాస్టారు పిలిచేవారు. వాళ్లెవరూ లేరిప్పుడు. మీ తమ్ముడికి వదినని. ఈ వీధికి బోల్టు బాబాయి గారి ఆవిడని. ఆసుపత్రి కాగితాల మీద రాయాలంటే నాకే వేరే ఎవరిదో రాస్తున్నట్టుంటుంది" అంది.

బాబాయి పక్కన కూర్చున్నాడు. తనకు ఒక్క పూటలో పోయిన పేర్ల కోసం ఊరంతా వచ్చి అయ్యో అని వెళ్లింది. ఈమె పేరు ఇదే ఇంట్లో, తన కళ్ల ముందే పోయింది. ఎవరూ రాలేదు. ఆ మాట ఆవిడతో చెప్పాలనిపించింది. "అదీ..." అని మొదలుపెట్టాడు, సాగలేదు.

ఆవిడ కాసేపటికి, ఇటు చూడకుండానే, "ఏదీ, ఇంకోసారి అనండి" అంది.

బాబాయి నోరు తెరిచాడు. మెట్టు మీద దరువేశాడు. మొదటి అక్షరం కూడా రాలేదు. ఆవిడ ఎదురుచూస్తోందని తెలిసేకొద్దీ అది ఇంకా దూరం పోయింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోనీలెండి. వచ్చినప్పుడే రానివ్వండి" అని ఆవిడ లేచి లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత అది ఎప్పుడో గాని రాలేదు. వచ్చిన రోజు ఆవిడ బజారుకు వెళ్లి ఉండేది, లేదా మిద్దె మీద బట్టలు ఆరేస్తూ ఉండేది. ఆయన ఖాళీ గదిలో ఒకసారి అని, తనే విని, ఊరుకునేవాడు. టీచరమ్మ దగ్గర కుర్చీలూ తలుపులూ బాగానే పోగయ్యాయి. చాన్నాళ్లకు ఇంటికొచ్చిన టైలరుకు కూడా ఒకరోజు గుమ్మంలోనే పేరు పెట్టి నమస్కారం చెప్పాడు. అతను ఆశ్చర్యపోయి టీ తాగి వెళ్లాడు. ఈ పేరు మాత్రం ఆయన చెప్పుచేతల్లోకి రాలేదు.

ఆవిడ మళ్లీ అడగలేదు. కాకపోతే కొత్తగా ఒక అలవాటు వచ్చింది. మధ్యాహ్నం పూట, ఇల్లంతా సద్దుమణిగి ఉండగా, ఆయన కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తూ ఉంటే, ఆవిడ లోపలినుంచి గుమ్మం దాకా వచ్చి నిలబడేది.

"పిలిచారా?" అని అడిగేది.

ఆయన పిలవలేదు.

"ఊఁ" అనేవాడు.